చీలమండ పట్టేస్తే మోకాలు ఎందుకు నొస్తుంది? సివిల్ వాళ్ళు కూడా చెప్పొచ్చు

హంద్రీఒడ్డు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 9.40

మా నాయనకి 66 ఏళ్ళు. ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. ఉగాదికి ముందు మిద్దె మెట్లు దిగుతుంటే కాలు మడతపడి కుడి చీలమండ దగ్గర ఎముక చిట్లింది. పక్కకు జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆరు వారాలు సిమెంటు కట్టు. విప్పిన రోజు డాక్టర్ "బాగా అతుక్కుంది, ఇంక నడవొచ్చు" అన్నాడు. నాయన నడిచాడు. గొడవ అక్కడే మొదలైంది.

చీలమండ నొప్పి లేదు. కానీ పాదం పైకి రాదు. తుప్పు పట్టిన తలుపు మడతబందు లాగా ఒకచోటికి వచ్చి ఆగిపోతుంది. పాదం బయటికి తిప్పి నడుస్తాడు. నెల తిరిగేసరికి మోకాలి వెనకాల లాగుతోందన్నాడు, ఇప్పుడు నడుము కూడా అంటున్నాడు. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే వయసుకు తగ్గట్టే ఉంది, పెద్ద అరుగుదల లేదన్నారు. గొంతుక్కూర్చోలేడు, ఊరికి పోతే దొడ్డికి ఇబ్బంది.

విరిగింది చీలమండ, నొప్పి మోకాలికి. ఇదెట్లా? మా చిన్నాయన ఏమంటాడంటే "ఒక పిల్లర్ కుంగితే పర్రె పక్కగది గోడకు వస్తుంది, ఇదీ అంతే" అని. ఆ మాట నిజమేనా? ఇక్కడ ఇళ్ళు కట్టేవాళ్ళూ ఉన్నారు, వైద్యం తెలిసినవాళ్ళూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.


పాతబస్టాండు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 9.52

గుజ్జు అరిగిపోయింటుంది అప్పా. మా అత్తకూ అంతే. నువ్వులనూనె కాచి రుద్దండి.


హంద్రీఒడ్డు
ఆదివారం, రాత్రి 9.58

ఎక్స్‌రేలో మోకాలి కీలు సందు బాగానే ఉందన్నారన్నా. నూనె రుద్దుతూనే ఉన్నాం. నాయన మోకాలి సంగతి దేవుడెరుగు, అమ్మకి చేతులు నొప్పులు పట్టుకున్నాయి.


కడపఫిజియో (కడప)
ఆదివారం, రాత్రి 10.35

నేను ఫిజియోథెరపిస్టుని. మనిషిని చూడకుండా వైద్యం చెప్పను. కానీ మీరు రాసిన దాంట్లో ఒక్కమాట పట్టుకుంటా: పాదం పైకి రాదు.

నడిచేటప్పుడు పాదం నేలమీద ఆని ఉంటుంది, ఒళ్ళు దాని మీదుగా ముందుకు సాగుతుంది. అంటే ముంగాలు, మోకాలి కింది భాగం, పాదం మీదికి వంగాలి. చదును నేల మీద నడవడానికే పది డిగ్రీల దాకా కావాలి, మెట్లు దిగాలంటే ఇంకా ఎక్కువ. చీలమండ ఆ పది డిగ్రీలు ఇవ్వకపోతే మనిషి నడక మానేయడు, ఇంకోచోట అప్పు చేస్తాడు. మడమ తొందరగా లేపేస్తాడు, లేదా పాదం బయటికి తిప్పి పక్కనుంచి దొర్లిస్తాడు, లేదా మోకాలిని వెనక్కి తోస్తాడు. మీ నాయన రెండోదీ మూడోదీ కలిపి చేస్తున్నట్టుంది. నడుముకు వచ్చింది వడ్డీ.

ఆరు వారాల్లో ఏం జరిగిందో కూడా చెబుతా. కీలు చుట్టూ ఒక తిత్తి ఉంటుంది. కదలకుండా ఉంచితే అది ముడుచుకుంటుంది, పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పిక్క కండని ఏ పొడవులో కట్టేస్తే ఆ పొడవుకు అలవాటు పడిపోతుంది. ఎముక అతకాలంటే కదలకూడదు. కీలు బాగుండాలంటే కదలాలి. కట్టు కట్టేవాళ్ళ అవస్థంతా ఇదే.

ఒక కొలత తీయండి. గోడకు ఎదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించమనండి. తాకినంతవరకు పాదం కొంచెం కొంచెం వెనక్కి జరపండి. చివరికి బొటనవేలి నుంచి గోడకు ఎంత దూరం ఉందో టేపుతో చూడండి. రెండు కాళ్ళకూ. పక్కన ఒకరు పట్టుకోవాలి, మర్చిపోవద్దు.


హంద్రీఒడ్డు
సోమవారం, ఉదయం 7.15

ఎడమ 10 సెంటీమీటర్లు. కుడి 2. మూడుసార్లు చూశాం, రెండే.


కడపఫిజియో
సోమవారం, ఉదయం 7.40

అదీ సంగతి. ఒక్కో సెంటీమీటరుకు సుమారు మూడున్నర డిగ్రీలు లెక్క వేసుకోండి. ఎనిమిది సెంటీమీటర్లు తక్కువంటే చీలమండ చేయాల్సిన పని ఎంత మోకాలి మీద పడుతోందో మీకే తెలుస్తుంది. మీ ఊళ్ళోనే ఎవరైనా ఫిజియోకి చూపించండి.


బేల్దారికొడుకు (అనంతపురం)
సోమవారం, ఉదయం 11.05

చిన్నాయన మాట కరెక్టే. మా నాయన బేల్దారి, నేను సైట్ ఇంజినీరుని. ఈ కథ మాకు రోజూ ఉండేదే.

ఒక వరండాలో నాలుగు పిల్లర్లు ఉన్నాయనుకోండి. నాలుగూ ఒకే సైజు, ఒకే కమ్మీలు. ఒక పిల్లర్‌కి మాత్రం రెండు పక్కలా సగం ఎత్తు దాకా గోడ కట్టారు, పైన వెంటిలేటర్. అంటే ఆ పిల్లర్ కదలగలిగే పొడవు సగానికి తగ్గింది. చాలామంది అది బలపడింది అనుకుంటారు. పక్కకు ఊపినప్పుడు దాని బిగువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది, ఎందుకంటే పొడవు మూడుసార్లు గుణించుకుంటుంది. భూమి కదిలి స్లాబు పక్కకు జరిగితే నాలుగు పిల్లర్లూ ఒకే దూరం జరగాలి. పొట్టిది ఎనిమిది రెట్లు బలంతో అడ్డుపడుతుంది, ఎనిమిది రెట్లు దెబ్బ తింటుంది. 45 డిగ్రీల్లో ఏటవాలుగా పగిలిపోతుంది. పిల్లర్ ఏం తప్పు చేసింది? బిగుసుకుని నిలబడింది, అంతే.

మీ నాయన చీలమండ ఆ పొట్టి పిల్లర్. బిగువు ఎక్కడుంటే బరువు అక్కడికి పోతుంది.


పెన్నాతీరం (ప్రొద్దుటూరు)
సోమవారం, మధ్యాహ్నం 2.20

ఆగండి ఇంజినీరుగారూ. బిగువు ఎక్కడుంటే బరువు అక్కడికే పోయేటట్టయితే నొప్పి చీలమండకు రావాలి కదా? వాళ్ళ నాయనకు చీలమండ నొప్పే లేదని మొదటి టపాలోనే రాశారు. మీరు చెప్పిన పిల్లర్ల లెక్కలో తప్పులేదు, కానీ ఆ లెక్కని తీసుకొచ్చి అతకనిచోట అతికించారు.

ముప్పై రెండేళ్ళు ఫిజిక్స్ చెప్పాను, కాబట్టి కొంచెం పాఠం చెబుతా, విసుక్కోకండి. రెండు స్ప్రింగులు పక్కపక్కన పెట్టి ఒకే బరువు పెడితే రెండూ ఒకే దూరం నొక్కుకోవాలి. అప్పుడు బిర్రుగా ఉన్నదే ఎక్కువ మోస్తుంది. రథోత్సవంలో పల్లకి మోసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నలుగురిలో పొడుగ్గా ఉండి భుజం వంచనివాడికే బరువంతా. పక్కవాడు చెయ్యి వేసి నడుస్తుంటాడు, దేవుడు వాడికి తేలికే. పిల్లర్లది ఈ లెక్క.

ఇప్పుడు అవే రెండు స్ప్రింగులు ఒకదాని కింద ఒకటి వేలాడదీయండి. బలం రెండింటిలోనూ ఒకటే. కానీ సాగుడు? మెత్తగా ఉన్నదే సాగుతుంది. బావి చేంతాడు పాతబడి సగానికి తెగితే, ఇనుప గొలుసు ముక్క తగిలించి కడవ దించామనుకోండి. సాగేది తాడు ముక్కే, గొలుసు ముక్క కదలనే కదలదు. చీలమండ, మోకాలు, తుంటి, నడుము, ఇవి ఒకే తాడులో ముడులు. ఒక ముడి బిగుసుకుంటే దాని కదలిక పక్కముడి చేయాలి. చీలమండ ఊరుకుంది, మోకాలు అరుస్తోంది. నొప్పి వచ్చినచోటు తప్పు చేసినచోటు కాదు.

కడప అమ్మాయి "అప్పు" అన్నదే, ఆ మాట సరైనది. మీ "పొట్టి పిల్లర్" కాదు.


పాతబస్టాండు
సోమవారం, మధ్యాహ్నం 2.31

సారూ, టపాసు పేల్చారు.


బేల్దారికొడుకు
సోమవారం, సాయంత్రం 6.45

సార్, మధ్యాహ్నం నుంచి స్లాబు మీద నిలబడి ఇదే ఆలోచిస్తున్నా. ఒప్పుకుంటున్నా. ఒప్పుకుంటూనే ఒకటి కలుపుతా, మీకు నచ్చుతుంది.

బిల్డింగులో మీరు చెప్పిన రెండూ ఉన్నాయి. ఒకే అంతస్తులో ఉన్న పిల్లర్లు పల్లకి బోయీలు. కానీ అంతస్తు మీద అంతస్తు చేంతాడు ముడులు. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో అహ్మదాబాద్ అపార్ట్‌మెంట్లు చాలా కూలాయి కదా. ఎక్కువగా కూలినవి కింద కార్ల కోసం గోడలు లేకుండా వదిలేసినవే. పైన మూడు నాలుగు అంతస్తులూ ఇటుక గోడలతో బిర్రుగా ఒక పెట్టె లాగా ఉన్నాయి, కదలవు. ఊగాల్సినదంతా కింది అంతస్తు ఒక్కటే ఊగింది. మోకాలు విరిగిన మనిషిలాగా కూర్చుండిపోయాయి. మన సీమలో భూకంపాల భయం తక్కువ, అందుకని మనవాళ్ళు ఆ పార్కింగ్ పిల్లర్లని పట్టించుకోరు.


వీరభద్రుడిఊరు (హిందూపురం)
సోమవారం, రాత్రి 8.10

అయితే లేపాక్షిలో వేలాడే స్తంభం సంగతేంటి? దాని కింద చీర తోస్తే అవతల వస్తుంది. ఆ స్తంభం ఏం మోస్తున్నట్టు?


బేల్దారికొడుకు
సోమవారం, రాత్రి 8.25

నేల తాకకపోతే కింది నుంచి ఏమీ మోయదు, పైనుంచి వేలాడుతుంది, అంతే. దాని వాటా చుట్టుపక్కల స్తంభాలు పంచుకున్నాయి. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఒక ఇంజినీరు దాన్ని కదిలించి చూశాడని గైడ్లు చెబుతారు. నిజమో కాదో గానీ, పల్లకి బోయీల్లో ఒకడు చెయ్యి తీసేస్తే మిగతావాళ్ళ భుజాలు దిగినట్టు ఉండి ఉంటుంది.


నాపరాయి (బేతంచెర్ల)
సోమవారం, రాత్రి 10.02

మాది నాపరాళ్ళ వ్యాపారం. చదువు తక్కువ, రాయి ఎక్కువ.

నిరుడు ఒక రైతు ఇంట్లో అటక పడిపోయింది. నాలుగడుగుల వెడల్పు, ఒకే బండ వేశాడు, దానిమీద వేరుశనక్కాయ బస్తాలు పేర్చాడు. రెండేళ్ళు ఏమీ కాలేదు. మధ్యాహ్నం పన్నెండుకి, ఇంట్లో అందరూ వరండాలో అన్నం తింటుంటే, ఫట్‌మని ఒక్క దెబ్బ. వెళ్ళి చూశాను. బండ నడుమ తెగింది, సరిగ్గా కొడవలితో కోసినట్టు. అంచు మీద వేలు పెట్టి చూస్తే కొత్తగా, చల్లగా, నల్లగా ఉంది. పాత పర్రె ఉంటే దాంట్లో దుమ్ము ఉంటుంది, ఇందులో లేదు. అంటే ముందు నెర్రె ఇచ్చి తర్వాత పడలేదు. ఒక్కసారే పడింది.

మా తాత కట్టిన చౌడు మిద్దెలో దూలాలు ఎప్పుడో వంగిపోయినాయి. వానాకాలం రాత్రిళ్ళు మూలిగేవి. ఆ మూలుగు విని కింద ఒక గుంజ పెట్టేవాళ్ళం. నాపరాయి మూలగదు. వంగదు కాబట్టి మంచిదని కొంటారు, వంగదు కాబట్టే చెప్పకుండా పోతుంది.

ఇంకోటి. లారీలో బండలు ఎప్పుడూ పడుకోబెట్టం, నిలబెట్టే పంపుతాం. మోసేటప్పుడూ అంచు మీద నిలిపే మోస్తారు. అడ్డంగా పట్టుకుంటే దాని బరువుకే అది విరుగుతుంది. కారణం మా హమాలీకి తెలియదు, నాకూ తెలియదు. కానీ తప్పు చెయ్యం.


పెన్నాతీరం
మంగళవారం, ఉదయం 6.30

నాపరాయిగారూ, మీ హమాలీకి తెలియకపోవడమేంటి, చేతికి తెలుసు. లెక్క నేను చెబుతా. రెండడుగుల వెడల్పు, అంగుళం మందం బండ అనుకుందాం. పడుకోబెడితే లోతు అంగుళం. నిలబెడితే లోతు ఇరవై నాలుగు అంగుళాలు. రాయి అదే, బరువు అదే. వంగకుండా నిలిచే బిగువు మాత్రం 576 రెట్లు పెరుగుతుంది. విరగకుండా నిలిచే బలం ఎన్ని రెట్లు పెరుగుతుందనుకున్నారు? ఇరవై నాలుగే.

ఈ రెండు అంకెలు వేరువేరని చూడండి. జనం బిగువునీ బలాన్నీ ఒకటే అనుకుంటారు. ఎంత బరువు పెడితే ఎంత వంగుతుంది అనేది ఒకటి. ఎంత పెడితే విరుగుతుంది అనేది ఇంకోటి. నాపరాయికి మొదటిది బాగుంది, రెండోది తక్కువ. కొబ్బరిపీచు తాడుకి తిరగబడుతుంది. మొదటిదాని లెక్క రాబర్ట్ హుక్ చెప్పాడు. 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలాగా అచ్చువేసి, రెండేళ్ళకు 1678లో విప్పాడు: ఎంత లాగితే అంత సాగుతుంది, అని. ఇంకెవడో తనకంటే ముందు చెప్పేస్తాడని భయం. మన ఊరి పంతుళ్ళకూ ఆ జబ్బు ఉండేది.


బేల్దారికొడుకు
మంగళవారం, ఉదయం 9.15

బిగువు వేరు బలం వేరు అని మా కస్టమర్లకు ఎవరైనా చెబితే పుణ్యం.

ఒకాయన ఇంటికి మూడడుగుల బాల్కనీ గీసి ఇచ్చాం. సెంట్రింగ్ కొట్టే రోజు వచ్చి "నాలుగడుగులు చెయ్యి, ఒక్క అడుగే కదా" అన్నాడు. ఒక్క అడుగే, కానీ కొస కుంగడం మూడింతలు దాటుతుంది, పొడవుని నాలుగుసార్లు గుణించుకునే లెక్క అది. స్లాబు మందం పెంచాలన్నా. "మందం ఎందుకు, 415 కమ్మీ బదులు 500 కమ్మీ వెయ్యి, ఖర్చు నేను ఇస్తా" అన్నాడు. ఆ అంకెలు కమ్మీ బలం గ్రేడులు. 500 కమ్మీ తెగడానికి ఎక్కువ బలం కావాలి, నిజమే. కానీ సాగే లెక్కలో 415కి, 500కి తేడా లేదు, రెండూ చదరపు మిల్లీమీటరుకు రెండు లక్షల న్యూటన్లే. ఉక్కు ఉక్కే. విరగదు, కానీ వంగుతుంది. చివరికి నేను పట్టుబట్టలేదు. నాదే తప్పు. ఆర్నెల్లకు బాల్కనీ కొసన రెయిలింగ్ కింద టైల్స్ లేచాయి, వానకు నీళ్ళు బయటికి పోకుండా ఇంట్లోకి వచ్చాయి. ఇప్పటికీ ఆ వీధిలో పోను.


మగ్గంగుంట (ధర్మవరం)
మంగళవారం, మధ్యాహ్నం 1.10

నాదో సందేహం. నేను నేత పని చేస్తా, గుంట మగ్గం. పొద్దున లేవగానే వేళ్ళు, మోకాళ్ళు కొయ్య లాగా ఉంటాయి. రెండు రౌండ్లు నడిస్తే పోతాయి. మళ్ళీ గుంటలో రెండు గంటలు కూర్చుని లేస్తే అదే తంతు. 48 ఏళ్ళు. ఇది కూడా బిగువేనా, లేక జబ్బా?


కడపఫిజియో
మంగళవారం, సాయంత్రం 4.30

అన్నా, మొదటి ప్రశ్న: పొద్దున ఎంతసేపు ఉంటుంది? గడియారం చూసి చెప్పండి, గుర్తు నుంచి కాదు.

ఎందుకంటే, అరుగుదల వల్ల వచ్చే బిగువు మామూలుగా అరగంట లోపలే వదులుతుంది. గంట దాటినా వేళ్ళు ముడవలేకపోతే, రెండు చేతులకూ ఒకే రకంగా ఉంటే, కణుపులు వాచి వెచ్చగా ఉంటే అది కీళ్ళవాతం కావచ్చు. అప్పుడు నూనెలూ వ్యాయామాలూ కాదు, డాక్టర్ దగ్గర రక్తపరీక్ష ముందు. ఆ జబ్బుకు ఆలస్యమైన కొద్దీ కీలు పాడవుతుంది.

కూర్చుని లేచినప్పుడు పట్టేసి, నడిస్తే వదలడానికి ఒక కారణం కీలులోని జిగట ద్రవం. కదలకపోతే చిక్కబడుతుంది, కదిలిస్తే పలచబడుతుంది. దోసెల పిండిని గరిటెతో తిప్పితే జారుగా అవుతుంది చూడండి, అట్లా. పైగా కీలు చివర గుజ్జుకి రక్తనాళాలు ఉండవు. నొక్కి వదిలితేనే దాంట్లోకి ద్రవం ఇంకుతుంది, స్పాంజిలాగా. దానికి తిండి అదే. మీరు రెండు గంటలు కూర్చోకండి. అరగంటకోసారి గుంటలోంచి లేవండి.


మగ్గంగుంట
మంగళవారం, సాయంత్రం 5.02

అరగంటకోసారి లేస్తే చీర ఎప్పుడు తెగాలమ్మా. సరే, గడియారం చూస్తా.


యాడికైనాఒకటే (అనంతపురం)
మంగళవారం, రాత్రి 9.20

మా పల్లెలో ఇంకో రకం బిగువు ఉంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు. మా జేజి చివరి పదేళ్ళు మెడ తిప్పలేదు. ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేది. నడుం వంగి అలాగే గడ్డకట్టుకుపోయింది, మంచం మీద పడుకుంటే తల కింద మూడు దిండ్లు పెట్టాల్సి వచ్చేది. అంతా వయసు అనుకున్నాం. తర్వాత బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడు ఎక్కువ.


కడపఫిజియో
మంగళవారం, రాత్రి 10.15

మా క్లినిక్‌కి కూడా అలాంటివాళ్ళు వస్తారు. తాగేనీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. అంతకంటే ఎక్కువ ఏళ్ళ తరబడి తాగితే వెన్నుపూసల మధ్య పట్టుకునే నరాలు అనుకుంటారే, ఆ కట్టుబంధాలు సున్నం పట్టి ఎముకలైపోతాయి. ఇక అది వ్యాయామంతో వదిలే బిగువు కాదు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించి రాసింది 1937లో, అదీ మన పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో.

పెద్దవాళ్ళకు ఏమీ చేయలేకపోయినా, పిల్లలకు ఆ నీళ్ళు ఆపండి.


పెన్నాతీరం
మంగళవారం, రాత్రి 10.40

ఇందులో ఒక విచిత్రం గమనించారా. ఆ ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. చూసినవాడు గట్టి ఎముక అనుకుంటాడు. కానీ పెళుసు. నిన్న నాపరాయిగారు చెప్పిన బండే, ఒంట్లో పెరిగింది.


హంద్రీఒడ్డు
బుధవారం, ఉదయం 8.00

అందరికీ దండాలు. ఇంకొక్క ప్రశ్న అడిగి వదిలిపెడతా. మా బావమరిదికి మూడేళ్ళ కింద బైకు మీద పడి ముంగాలి ఎముకకు ప్లేటు వేశారు. ఉక్కు ప్లేటు కదా, కాలు ఇంకా గట్టిపడింది అని వాడి ధీమా. మీరంతా రాసింది చదివాక నాకు అనుమానం వచ్చింది.


పెన్నాతీరం
బుధవారం, ఉదయం 8.50

అనుమానం మంచిదే. ప్లేటూ ఎముకా పక్కపక్కన కట్టారు, అంటే పల్లకి లెక్క. ఉక్కు బిగువు 200 అనుకుంటే టైటానియంది 110, గట్టి ఎముకది 20 లోపలే. కాబట్టి బరువులో పెద్ద వాటా ప్లేటే మోస్తుంది. మొదట్లో అది మేలే, విరిగిన ఎముకకు విశ్రాంతి. కానీ ఎముక అద్దె ఇల్లు కాదు, పని లేకపోతే తనే ఖాళీ అవుతుంది. ఎంత బరువు మోస్తే అంత గట్టిపడుతుందని జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ డాక్టర్ 1892లో రాశాడు. ప్లేటు మోసేస్తుంటే దాని కింద ఎముక పలచబడొచ్చు. అందుకే టైటానియం వైపు, ఎముక మధ్యలో దూర్చే రాడ్ల వైపు మొగ్గారు. ఎక్కువ కదిలితే ఎముక అతకదు, కానీ విరిగినచోట వెంట్రుకవాసి కదలిక ఉంటే చాలాసార్లు ఇంకా బాగా అతుక్కుంటుంది.


కడపఫిజియో
బుధవారం, ఉదయం 9.30

సార్ చెప్పింది నిజమే. కానీ మీ బావమరిది ఇది చదివి రేపే ప్లేటు తీయించుకుంటానని పోకుండా చూడండి. చాలామందికి తీయక్కర్లేదు. తీసిన తర్వాత ఆ మర చీలల రంధ్రాలు పూడేదాకా ఎముక బలహీనంగా ఉంటుంది. వేసిన డాక్టర్‌నే అడగాలి.


పాతబస్టాండు
బుధవారం, ఉదయం 9.44

మా తమ్ముడు చిన్నప్పుడు మోచెయ్యి విరిగితే ఊళ్ళో నాటు కట్టు కట్టించి, విప్పాక నూనెతో రోజూ గుంజి గుంజి పిసికించాం. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. అక్కా, గుంజితే వదులుతుందనే కదా గుంజాం?


కడపఫిజియో
బుధవారం, ఉదయం 10.10

మోచేతికి ఆ పని అస్సలు చేయకూడదు. కొత్తగా మానిన మోచేతిని బలంగా గుంజి పిసికితే కండలోనే ఎముక పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. తనంతట తాను వంచుకోవడం మంచిది, ఇంకొకరు వంచడం కాదు. హంద్రీఒడ్డుగారూ, నాయనకూ ఇదే. లాగుతున్నట్టు ఉండాలి, కళ్ళు గట్టిగా మూసుకునేంత నొప్పి ఉండకూడదు.

ఇంకోటి అడగాలి. ఆయన పడిపోతానని భయపడుతున్నారా? తడి బండల మీద మనం ఎలా నడుస్తాం? కాళ్ళు బిగబట్టి, ముందు కండా వెనక కండా ఒకేసారి పట్టి. కీలు ఊగకుండా ఉండటానికి ఒళ్ళు చేసుకునే ఏర్పాటు అది, తాత్కాలికంగా మంచిదే. కానీ భయంతో రోజంతా అలా నడిచేవాళ్ళకు దెబ్బను మింగే చోటు ఉండదు. గోడ దూకినప్పుడు మోకాళ్ళు ఎందుకు వంచుతాం?


బేల్దారికొడుకు
బుధవారం, ఉదయం 10.25

ఇది నాకు వదిలేయండక్కా. మీటరు ఎత్తు నుంచి దూకి, కాళ్ళు బిగబట్టి ఐదు సెంటీమీటర్లలో ఆగితే ఒంటి బరువుకు ఇరవై రెట్ల పైన తగులుతుంది. అదే మోకాళ్ళు వంచి యాభై సెంటీమీటర్లలో ఆగితే మూడు రెట్లే. 44 నంబర్ హైవే మీద ఫ్లైఓవర్ ఎక్కితే టక్ టక్ అని శబ్దం వస్తుంది కదా, అక్కడ సందు వదిలిపెడతాం. మే నెల మధ్యాహ్నానికీ డిసెంబర్ తెల్లవారుజాముకీ ముప్పై డిగ్రీలు తేడా. నలభై మీటర్ల దూలం పద్నాలుగు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. సందు ఇవ్వకపోతే అది పిల్లర్‌ని తోస్తుంది. కింద రబ్బరు దిమ్మెలు కూడా పెడతాం, జరగడానికి. గుజ్జు అనుకోండి.


పెన్నాతీరం
బుధవారం, ఉదయం 10.31

దయచేసి ఎవరూ 1940లో గాలికి ఊగి కూలిన అమెరికా టకోమా వంతెన వీడియో ఇక్కడ పెట్టొద్దు. అందరూ చూశారు.


హంద్రీఒడ్డు
ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6.20

చెప్పకుండా పోతే బాగుండదని వచ్చా. ఇక్కడే ఒక ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మోకాలిని అసలు ముట్టుకోలేదు. నాయనకి కోపం వచ్చింది, "నొప్పి ఇక్కడైతే అక్కడ పట్టుకుంటాడేందిరా" అని. పిక్కకూ చీలమండకూ పని చెప్పాడు. పొద్దున, సాయంత్రం గోడ దగ్గర పది నిమిషాలు.

భయం సంగతి అక్క అడిగింది నిజమే. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని చేతివేళ్ళు తెల్లబడేవి. మా మెట్లు ఒక్కోటి తొమ్మిదంగుళాల ఎత్తు, పాత మిద్దె కదా. కింద మూడు మెట్లకు మధ్యలో ఒక నాపబండ వేయించాం, నిలబెట్టి కాదులే నాపరాయన్నా, కింద ఇటుకలు పెట్టి.

ఇప్పుడు గోడకు 6 సెంటీమీటర్లు. మోకాలి వెనక లాగడం చాలా తగ్గింది. నడుము ఇంకా ఉంది, వర్షం మబ్బు పడితే ఎక్కువంటాడు. గొంతుక్కూర్చోవడం సగం దాకా వచ్చింది.


పెన్నాతీరం
ఆదివారం, సాయంత్రం 6.55

రెండు నుంచి ఆరుకి. ఏ వారం ఎంత వచ్చిందో రాసి పెట్టారా? సరళరేఖలాగా పెరిగిందా, మొదట ఎక్కువ వచ్చి తర్వాత తగ్గిందా?


హంద్రీఒడ్డు
ఆదివారం, రాత్రి 7.30

కాగితం మీద రాయలేదు సార్. నాయన నేలమీద బొటనవేలి దగ్గర బొగ్గుతో గీత గీస్తాడు, మోకాలు తగిలిన చోట గోడమీద చేతివేళ్ళతో గుర్తు పెడతాడు. ఐదు వారాల గీతలూ ఉన్నాయి. సంక్రాంతికి సున్నం కొట్టించిన గోడ. అమ్మ ఆ గదిలోకి రావడం మానేసింది.


పెన్నాతీరం
ఆదివారం, రాత్రి 7.34

తుడవనివ్వకండి. రేపు స్కేలు పెట్టి ఫొటో తీసి పంపండి.